మేతలో రాగి ఉంది, జింకకి మాత్రం అందలేదు

న్యూజిలాండ్‌లో చలికాలం ముగిసే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జింకల మందని ఒక పచ్చిక నుంచి ఇంకో పచ్చికలోకి తోలుతుంటే, ఒక్కోసారి ఒకటో రెండో జింకలు వెనకబడిపోతాయి. ముందుకాళ్లు బాగానే పడతాయి. నడుము కిందినుంచి మాత్రం శరీరం అటూ ఇటూ తూలుతుంది. మలుపు తిరగాల్సి వస్తే వెనక్కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి, బెదిరిస్తే కూలబడిపోతాయి. చూడ్డానికి దెబ్బ తగిలినట్టు ఉంటుంది గానీ ఎముక విరగలేదు, గాయమూ లేదు. వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతింది. కారణం రాగి లోపం. ఒకసారి ఈ దశకి వచ్చాక ఎంత రాగి పెట్టినా ఆ నరాలు తిరిగి బాగుపడవు.

విచిత్రమేమిటంటే, అదే పొలంలో గడ్డి కోసి ల్యాబ్‌కి పంపితే రాగి శాతం మామూలుగానే ఉందని రిపోర్టు రావచ్చు. మేతలో ఉన్న రాగి జింక ఒంట్లోకి ఎందుకు వెళ్లలేదు? పెంపకం జింకలకి సప్లిమెంట్లు పెట్టడంలో ఉన్న చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మినరల్ మిక్చర్ బస్తా మీద అచ్చేసిన శాతాలు చూసి కొనేవాళ్లకి ఈ ప్రశ్న ఎదురే రాదు.

ముందు ఈ పెంపకం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం చుక్కల దుప్పి, కణితి, కృష్ణజింకల్ని పట్టుకోవడం, ఇంట్లో పెంచుకోవడం నేరం. న్యూజిలాండ్ కథ వేరు. అక్కడ జింక స్థానిక జంతువే కాదు. 19వ శతాబ్దంలో వేట సరదా కోసం బ్రిటన్ నుంచి రెడ్ డీర్‌ని తెచ్చి వదిలారు. వేటాడే మృగాలు లేని అడవుల్లో అవి విపరీతంగా పెరిగి కొండవాలుల మీద చెట్టూ చేమా తినేశాయి. 1930ల నాటికి ప్రభుత్వమే జీతమిచ్చి వేటగాళ్లని పెట్టి చంపించాల్సి వచ్చింది. 1969లో చట్టం మార్చి పెంపకానికి అనుమతి ఇచ్చారు. తర్వాతి ఏళ్లలో హెలికాప్టర్ల మీంచి వలలు విసిరి అడవి జింకల్ని ప్రాణాలతో పట్టి ఫారాలకి తెచ్చారు. ఈరోజు మాంసం కోసం, లేత కొమ్ముల కోసం జింకల్ని పెంచే దేశాల్లో అది ముందువరసలో ఉంది. లేత కొమ్ములు ఎక్కువగా చైనా, దక్షిణ కొరియాలకి వెళ్తాయి. డునెడిన్ దగ్గర ఇన్వర్‌మే పరిశోధనా కేంద్రం, పామర్‌స్టన్ నార్త్‌లోని మాస్సీ యూనివర్సిటీ ఈ జంతువు తిండి గురించీ జబ్బుల గురించీ దశాబ్దాలుగా పని చేస్తున్నాయి. ఇక్కడ చెప్పే సంగతుల్లో చాలావరకు ఆ నేల మీద తేలినవే.

జింకని చిన్న సైజు ఆవు అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. ఆవు ప్రధానంగా గడ్డి తింటుంది. రెడ్ డీర్ గడ్డితో పాటు ఆకులు, పొదలు, కలుపు మొక్కలు ఏరుకుని తింటుంది. అడవిలో ఉన్నప్పుడు లోతు వేళ్ల మొక్కల నుంచి, చెట్ల ఆకుల నుంచి దానికి రకరకాల ఖనిజాలు అందేవి. ఫారంలో కంచె కట్టి రైగ్రాస్ అనే గడ్డి, తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి మేత మాత్రమే ముందు పెట్టాక ఆ ఎంపిక పోయింది. ఇంకో తేడా ఆకలి. రెడ్ డీర్ ఆకలిని పగటి పొడవు నడిపిస్తుంది. చలికాలంలో పగలు కుదించుకుపోగానే ఎంత మంచి మేత ముందున్నా తక్కువే తింటుంది, వసంతంలో పగలు పెరగ్గానే ఆబగా తింటుంది. మగవైతే మార్చి, ఏప్రిల్ నెలల ఎద కాలంలో దాదాపు మేత మానేసి ఒంటి బరువులో ఐదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోగొట్టుకుంటాయి. అంటే ఖనిజాలు అందే దారి కూడా ఏడాది పొడవునా ఒకేలా తెరుచుకుని ఉండదు. చలికాలం ముగిసే సరికి కాలేయంలో రాగి నిల్వ అట్టడుగుకి చేరుతుంది. వెనక్కాళ్లు తూలే జింకలు సరిగ్గా ఆ రోజుల్లోనే కనపడటం యాదృచ్ఛికం కాదు.

ఇప్పుడు రాగి సంగతి. శరీరంలో రాగి చేసే పని కొన్ని ఎంజైములకి తాళంచెవిలా ఉండటం. అది లేకపోతే నాడీకణాలకి శక్తి సరిగ్గా అందదు. ఎముకల చివర మృదులాస్థిలోనూ రక్తనాళాల గోడల్లోనూ పీచుల్ని అల్లి గట్టిపరిచే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పని చేయదు. అందుకే రాగి లోపం జింకల్లో రెండు రూపాల్లో బయటపడుతుంది. ఎదిగే పిల్లల్లో కీళ్ల మృదులాస్థి ఊడి, మడమ కీళ్లు వాచి కుంటడం ఒకటి. కాస్త పెద్దవాటిలో మొదట చెప్పిన తూలుడు ఇంకొకటి. గొర్రెల్లో ఇలాంటి తూలుడు పుట్టిన పిల్లల్లోనే ఎక్కువగా కనపడుతుంది. జింకల్లో ఎదిగిన వాటిని పట్టుకోవడం దీని ప్రత్యేకత.

మేతలో ఉన్న రాగిని అడ్డుకునేది మాలిబ్డినం అనే లోహం. ఒంటరిగా అది పెద్దగా ఏమీ చేయలేదు. దానికి గంధకం తోడు కావాలి. మేతలో ఉన్న గంధకాన్ని, నెమరువేసే జంతువుల నాలుగు పొట్టల్లో మొదటిదైన పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు సల్ఫైడ్‌గా మారుస్తాయి. అది మాలిబ్డినంతో కలిసి థయోమాలిబ్డేట్ అనే పదార్థంగా తయారవుతుంది. దీనికి రాగి దొరికితే వదలదు. గట్టిగా పట్టేసుకుని, కరగని ముద్దగా మార్చేసి, పేడలో బయటికి పంపేస్తుంది. ల్యాబ్ రిపోర్టులో కిలో ఎండుమేతకి 8 మిల్లీగ్రాముల రాగి చూపించినా, మాలిబ్డినం రెండు మూడు మిల్లీగ్రాములు దాటి, గంధకం కూడా దండిగా ఉంటే ఆ 8లో ఒంటపట్టేది బహు స్వల్పం. ఇనుము కూడా ఇలాగే అడ్డుపడుతుంది. చలికాలపు బురదలో పొట్టి గడ్డిని మొదళ్ల దాకా కొరుక్కు తినే జింక గడ్డితో పాటు మట్టిని కూడా మింగుతుంది, ఆ మట్టిలో ఇనుము ఉంటుంది.

మరి ఇంత మాలిబ్డినం పొలంలోకి ఎక్కడినుంచి వచ్చింది? కొన్నిచోట్ల నేల స్వభావమే అంత, ముఖ్యంగా కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన పీట్ నేలల్లో. చాలాచోట్ల మాత్రం రైతే చల్లుకున్నాడు. క్లోవర్ వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియాకి మాలిబ్డినం తప్పనిసరి. అందుకని సూపర్ ఫాస్ఫేట్‌లో మాలిబ్డినం కలిపి చల్లడం న్యూజిలాండ్‌లో ఎప్పటినుంచో ఉంది. ఆ సూపర్‌లోనే గంధకం కూడా వస్తుంది. పైగా పుల్లటి నేలని సరిచేయడానికి సున్నం వేస్తారు. సున్నం వేస్తే నేల క్షారత్వం వైపు జరుగుతుంది, అప్పటిదాకా మట్టి పట్టి ఉంచిన మాలిబ్డినం వదులై మొక్కలోకి ఎక్కువగా ఎక్కుతుంది. పచ్చిక బాగుపడాలని చేసిన మూడు మంచి పనులూ కలిసి జింక నోటి దగ్గర రాగిని లాగేసుకున్నాయన్నమాట.

ఈ రసాయనం మనకి పూర్తిగా కొత్తదేమీ కాదు. 1970లలో నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఊళ్లలోని పిల్లలకి, యువకులకి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోవడం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. ఫ్లోరైడ్ ఒక్కటే అయితే ఇంతకు ముందు తరాల్లో ఇలా ఎందుకు కాలేదన్నది వాళ్ల ప్రశ్న. ఆ ఊళ్లలో పండిన జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువగా ఉన్నట్టు, జొన్న తిన్నప్పుడు ఒంట్లోని రాగి మూత్రంలో ఎక్కువగా పోతున్నట్టు వాళ్లు గమనించారు. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భజలం పైకి లేచి నేల క్షారత్వం పెరగడంతో దీనికి ముడి ఉండొచ్చని అనుకున్నారు. అక్కడ సున్నం, ఇక్కడ ఊట నీరు. మాలిబ్డినం మాత్రం రెండుచోట్లా ఒకే దారిలో పైకి వచ్చింది.

అందుకే సప్లిమెంట్ మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించాలి. అందులోనూ ఒక తిరకాసు ఉంది. రక్తపరీక్ష తేలిక, చవక. కానీ కాలేయం రాగికి గోదాము. అందులో సరుకు ఉన్నంతకాలం రక్తంలోకి కావలసినంత వదులుతూనే ఉంటుంది, కాబట్టి రక్తంలో లెక్క బాగానే కనపడుతుంది. రక్తంలో తగ్గిందంటే గోదాము ఖాళీ అయిపోయిందని అర్థం. అప్పటికి ఆలస్యమైనట్టే. న్యూజిలాండ్ పశువైద్యులు వాడే కొలమానం ప్రకారం పచ్చి కాలేయం కిలోకి 100 మైక్రోమోల్స్ పైన రాగి ఉంటే సరిపోయినట్టు, 60 కంటే తగ్గితే లోపం ఉన్నట్టు. ఈ నమూనాలు ఎలా వస్తాయంటే, వేసవి చివర్లో, శరదృతువులో కబేళాకి వెళ్లిన జింకల కాలేయం ముక్కలు తీసి పంపమని రైతు ముందే చెప్పుకుంటాడు. అప్పటి లెక్క చూస్తే చలికాలం గట్టెక్కడానికి నిల్వ చాలుతుందో లేదో తెలుస్తుంది. చలి ముదిరాక తీసిన లెక్కతో చేయగలిగేది తక్కువ.

రాగి తక్కువని తేలాక ఎలా ఇవ్వాలి? మన పశువుల పాకల్లో వేలాడదీసే ఉప్పు ఇటుకల లాంటివి అక్కడా ఉన్నాయి. మందలో కొన్ని దాన్ని రోజంతా నాకుతాయి, కొన్ని దాని దరిదాపులకి కూడా రావు. జింక స్వతహాగా అనుమానపు జంతువు, కొత్త వస్తువు దగ్గరికి త్వరగా రాదు. ఎంత తిన్నదో తెలియని మందు మీద నమ్మకం పెట్టుకోవడం కష్టం. నీళ్లలో కలిపితే గడ్డి పచ్చిగా, తడిగా ఉన్న రోజుల్లో అవి నీళ్లే తాగవు. ఇంజెక్షన్ ఇస్తే కచ్చితంగా ఒంట్లోకి వెళ్తుంది గానీ ప్రభావం త్వరగా తగ్గిపోతుంది, పొడిచిన చోట కండ పాడవుతుంది. మాంసం అమ్ముకునే జంతువుకి అది నష్టం. ఎక్కువమంది ఎంచుకునేది కాపర్ ఆక్సైడ్ తీగముక్కలు నింపిన గొట్టం మాత్ర. గొంతులోకి వేస్తే మాత్ర కరిగి, సూదుల్లాంటి ఆ సన్నటి ముక్కలు నాలుగో పొట్ట మడతల్లో ఇరుక్కుంటాయి. అక్కడి ఆమ్లం వాటిని కొద్దికొద్దిగా కరిగిస్తూ కొన్ని నెలల పాటు రాగి అందిస్తుంది. దీనిలో ఇంకో లాభం, థయోమాలిబ్డేట్ తయారయ్యే పెద్ద పొట్టని దాటి ముందుకెళ్లాక కరగడం. పెద్ద జింకకి 10 గ్రాములు, పిల్లలకి అందులో సగం లోపు వాడతారు. ఇక ఐదో దారి పచ్చిక మీద మైలుతుత్తం చల్లడం. మన తోటల్లో బోర్డో మిశ్రమానికి వాడేదే. శరదృతువులో చల్లితే గడ్డిలో రాగి కొన్ని నెలలు ఎక్కువగా ఉంటుంది. మందలో ఒక్కదాన్ని కూడా పట్టుకోనక్కర్లేదు. కానీ మాలిబ్డినం బాగా ఎక్కువున్న పొలంలో ఇది ఖర్చుకి తగ్గ ఫలితం ఇవ్వదు.

ఆ మైలుతుత్తం చల్లిన పొలంలోకి గొర్రెల్ని వదిలితే ప్రమాదం. గొర్రె రాగిని సరిగ్గా బయటికి పంపలేదు, కాలేయంలో దాచుకుంటూ పోతుంది. ఒకరోజు కాలేయం చేతులెత్తేస్తే ఎర్ర రక్తకణాలు పగిలి, కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా పోసి చనిపోతుంది. జింక, గొర్రె రెండింటినీ ఒకే పొలంలో మేపే రైతులు అక్కడ చాలామంది. మన దగ్గర కూడా గేదెల మినరల్ మిక్చర్‌ని గొర్రెలకి వేసేవాళ్లున్నారు, వాళ్లకీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో ఇంకో ముడి ఉంది. వేసవి చివర్లో, శరదృతువులో వెచ్చగా తేమగా ఉన్నప్పుడు ఎండిన గడ్డి మొదళ్ల మీద పెరిగే ఒక బూజు స్పోరిడెస్మిన్ అనే విషం తయారుచేస్తుంది. అది కాలేయంలో పిత్తనాళాల్ని దెబ్బతీస్తుంది, దానితో ఎండ తగిలిన చర్మం కాలినట్టు ఊడిపోతుంది. జింకల్లో ఫాలో అనే జాతి దీనికి బాగా లొంగుతుంది, రెడ్ డీర్ కొంత తట్టుకుంటుంది. నివారణకి జింక్ ఎక్కువ మోతాదులో ఇస్తారు. జింక్ ఎక్కువైతే రాగి ఒంటపట్టడం తగ్గుతుంది. మరోవైపు రాగి ఆ విషాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, కాబట్టి బూజు రోజుల్లో రాగి ఇవ్వొద్దంటారు. చలికాలానికి ముందే రాగి ఇవ్వాలి, బూజు కాలం దాటాక ఇవ్వాలి. ఈ రెండిటికీ మధ్య దొరికే సందు కొన్ని వారాలే. “అన్నీ కలిపిన ఒకే సప్లిమెంట్” అని అమ్మేవాళ్లని నేను అనుమానంగా చూడటానికి ఇదొక్కటే చాలు.

మిగతా ఖనిజాల గురించి ఇంత చెప్పక్కర్లేదు. న్యూజిలాండ్ నేలల్లో చాలాచోట్ల సెలీనియం తక్కువ. లోపం ముదిరితే చిన్న పిల్లల్లో కండరాలు తెల్లబడి నిలబడలేకపోతాయి. హెక్టారుకి ఏడాదికి 10 గ్రాముల సెలీనియం చొప్పున ఎరువుతో కలిపి చల్లితే సరిపోతుంది. ఇంత చిన్న లెక్క కాబట్టే పొరపాటుకి చోటు లేదు, ఎక్కువైతే అది విషం. అయోడిన్ అవసరం దక్షిణాన చలికాలపు మేతగా కేల్, స్వీడ్ వేసే ఫారాల్లో వస్తుంది. క్యాబేజీ కుటుంబపు మొక్కల్లో థైరాయిడ్‌ని అడ్డుకునే పదార్థాలుంటాయి, చూడి జింకలు నెలల తరబడి అవే తింటే గొంతువాపుతో బలహీనమైన పిల్లలు పుడతాయి. కోబాల్ట్ గొర్రెపిల్లలకి ముఖ్యం, జింకలు దాని కొరతని బాగానే తట్టుకుంటాయి.

కొమ్ముల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే సప్లిమెంట్ల ప్రచారమంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. మగ జింక కొమ్ము ఏటా ఊడి మళ్లీ మొలుస్తుంది. ఊపందుకున్నప్పుడు రోజుకి సెంటీమీటరు పైనే పెరుగుతుంది. ఇంత వేగానికి తగ్గ కాల్షియం ఏ రోజుకారోజు మేతలోంచి రాదు. జింక తన పక్కటెముకల నుంచీ ఇతర ఎముకల నుంచీ అప్పు తీసుకుని కొమ్ముకి పెడుతుంది, తర్వాత మేత నుంచి తీర్చుకుంటుంది. ఏటా ఎముకలు గుల్లబారి మళ్లీ గట్టిపడటం దాని ఒంటి అలవాటు. పైగా న్యూజిలాండ్‌లో అమ్మే కొమ్ము గట్టిపడక ముందే, మత్తు మందు ఇచ్చి కోసే లేత కొమ్ము. అందులో ఖనిజం కంటే మాంసకృత్తుల పాలే ఎక్కువ. కొమ్ము బరువుని తేల్చేది జాతి, వయసు, చలికాలం దాటేసరికి ఒంట్లో మిగిలిన కండ. కాల్షియం డబ్బా దాంట్లో చేయగలిగింది చాలా తక్కువ.

సప్లిమెంట్ మీద పెట్టుకున్న నమ్మకం దారి తప్పించిన ఉదంతం కూడా ఒకటుంది. ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన వాపిటి అనే పెద్ద జాతి జింకలు, వాటి సంకరాలు న్యూజిలాండ్‌లో చలికాలంలో చిక్కిపోయి, నీళ్ల విరోచనాలతో నీరసించి చనిపోయేవి. దీనికి ‘ఫేడింగ్ ఎల్క్’ (చిక్కిపోయే ఎల్క్; వాపిటికి ఇంకో పేరు ఎల్క్) అని పేరు పెట్టారు. రక్తంలో రాగి తక్కువ కనపడేసరికి రాగి లోపమే అనుకుని ఇచ్చారు. అయినా చాలావాటికి తగ్గలేదు. తీరా లోపల చూస్తే నాలుగో పొట్ట గోడల్లో నట్టల పిల్లపురుగులు గుంపులుగా దాగి ఉన్నాయి. ఆ జాతికి ఆ పురుగుల్ని తట్టుకునే శక్తి రెడ్ డీర్ కంటే తక్కువ. పొట్ట గోడ పాడైతే రాగి ఒంటపట్టదు, రక్తంలో రాగి తగ్గడం చాలావరకు జబ్బు వల్లే. తల్లిపాలు మాన్పించిన పిల్లల్ని తొలి చలికాలంలో చంపే యెర్సీనియా అనే బ్యాక్టీరియా జబ్బుకి టీకా ఉంది, ఊపిరితిత్తుల పురుగుకి మందు ఉంది. వీటికి బదులు మేతలో ఏదో పొడి కలుపుతామంటే అది పొదుపు కాదు. అమెరికాలో జింకల్ని పట్టి పీడిస్తున్న, మెదడుని తినేసే క్షీణ వ్యాధిని ఖనిజాలతో ఆపొచ్చని ప్రచారం చేసేవాళ్లున్నారు. దాన్ని ఆపే సప్లిమెంట్ ఏదీ లేదు. అక్కడ కొన్ని రాష్ట్రాలు అడవి జింకలకి ఉప్పు దిబ్బలు పెట్టడాన్నే నిషేధించాయి. ఒకేచోట అన్నీ మూతులు పెట్టి నాకితే జబ్బు పాకుతుందని.

ఖనిజాల మీద ఇంత రాసినా, ఫారంలో ఎక్కువ జింకలకి తక్కువయ్యేది మామూలు తిండే. ఆడ జింకలు నవంబరు, డిసెంబరుల్లో ఈనుతాయి. గడ్డి ఏపుగా పెరిగేది అంతకు ముందే, వసంతంలో. పాలిచ్చే తల్లికి బాగా ఆకలేసే జనవరి నాటికి చాలాచోట్ల పచ్చిక ఎండిపోయి ఉంటుంది. ఆవులకి, గొర్రెలకి గడ్డితో పాటే ఈనే కాలం కుదిరింది, జింకకి కుదరలేదు. మాస్సీ పరిశోధకులు 1990లలో రైగ్రాస్‌కి బదులు చికోరీ అనే ఆకుమేత, రెడ్ క్లోవర్ మీద తల్లుల్ని, పిల్లల్ని మేపి చూస్తే పిల్లలు బాగా బరువెక్కాయి. ఆ మొక్కల వేళ్లు లోతుగా వెళ్తాయి, వేసవిలో పచ్చగా ఉంటాయి, జింక ఏరుకుని తినే ఆకులకి దగ్గరగా ఉంటాయి.

గింజలు పెట్టాల్సి వస్తే తొందరపడకూడదు. పెళ్లి ఇంటి వెనక పారబోసిన అన్నం తిని ఆవు చనిపోవడం మన ఊళ్లలో అందరూ ఎరిగిందే. పిండిపదార్థం ఒక్కసారిగా పడితే పెద్ద పొట్టలో ఆమ్లం ఊరి, సూక్ష్మజీవులు చచ్చి, జంతువు పడిపోతుంది. బార్లీ, మొక్కజొన్న మీద పడ్డ జింకకీ అంతే. రోజుకి పిడికెడు చొప్పున మొదలుపెట్టి రెండు మూడు వారాల మీద పెంచాలి, పక్కన ఎండుగడ్డో పాతరగడ్డో ఉండాలి. తొట్టి ఒక్కటే పెడితే పెద్ద జింకలు చుట్టూ చేరి చిన్నవాటిని తన్ని తరిమేస్తాయి. బక్కవి బక్కగానే ఉంటాయి, బలిసినవి జబ్బు పడతాయి. అందుకే చాలామంది తొట్టి మానేసి దాణాని కంచె వెంట పొడవుగా చారలా పోస్తారు. పిల్లల్ని తల్లుల నుంచి విడదీయడానికి ముందే, తల్లుల పక్కనే ఉండగా దాణా రుచి చూపిస్తారు. కొత్త తిండి మీద ఉన్న భయం అప్పుడే పోవాలి.

చలికాలం నడిమధ్యలో ఎంత పోసినా పిల్లలు పెద్దగా బరువెక్కవు, ఆకలే మూసుకుని ఉంటుంది. అప్పుడు ఖరీదైన దాణా మీద డబ్బు గుమ్మరించేవాళ్ల కంటే, బరువు తగ్గకుండా నిలబెట్టి, ఆగస్టు చివర ఆకలి తిరిగి తెరుచుకునే నాటికి మంచి పాతరగడ్డి, మేపకుండా దాచిన పచ్చిక సిద్ధంగా ఉంచుకునే రైతుకే పిల్లలు త్వరగా కబేళా బరువుకి వస్తాయి.